మ్యాపు మీద చుక్క కనబడితే సరిపోదు: కొత్త ఎమర్జెన్సీ కాల్ సిస్టమ్‌పై ఒక ఆపరేటర్ సమీక్ష

అత్యవసర కాల్ సెంటర్లో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చునే ఉద్యోగం నాది. ఆంధ్రప్రదేశ్‌లో అన్నంతవరకే చెబుతాను. ఏ శాఖ, ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ అన్నది వద్దు, ఉద్యోగం ఉండాలి కదా. పాత పద్ధతిలో కొన్నేళ్లు చేశాను, కొత్త సిస్టమ్ మీద అంతకంటే ఎక్కువే చేశాను. కొత్తది వచ్చినప్పుడు పేపర్లలో చాలా రాశారు. అర్ధరాత్రి సీట్లో కూర్చున్నవాళ్లకు అదెలా పనిచేస్తుందో మాత్రం ఎవరూ రాయలేదు.

పాత రోజుల్లో డెస్క్ ఫోను, రిజిస్టరు, గోడకు జిల్లా మ్యాపు, పక్క గదిలో వైర్‌లెస్ సెట్టు ఉండేవి. కాల్ వివరాలు చీటీ మీద రాసి పక్క గదికి అందించాలి. బండి ఎక్కడుందో డ్రైవర్ చెబితేనే తెలిసేది. ఆయన ‘దగ్గరికొచ్చేశాం మేడం’ అంటే నమ్మాల్సిందే.

ఇప్పుడు ముందు రెండు మానిటర్లు. ఒకదాంట్లో ఫారం, ఇంకోదాంట్లో బండ్లు కదులుతూ కనిపించే మ్యాపు. నేను ఊరి పేరు కొడుతుండగానే బండ్లు పంపే డిస్పాచ్ సీట్లో వాళ్లకు కేసు తెరుచుకుంటుంది. నేనింకా మాట్లాడుతుండగానే బండి బయల్దేరుతుంది. ఈ ఒక్క మార్పుకే సిస్టమ్‌కు పూర్తి మార్కులు వేస్తాను. రెండోది, రీప్లే. ఏడుస్తూ చెప్పిన పేరు అర్థం కాకపోతే మళ్లీ వాళ్లను అడగకుండా చివరి అరనిమిషం వెనక్కి తిప్పి వినొచ్చు. కట్ అయిన కాల్ నంబరు దానంతటదే వరుసలో ఉంటుంది, మేం తిరిగి చేస్తాం. పాత ఫోన్లో కట్ అయితే అంతే సంగతులు.

అసలు గొడవ లొకేషన్‌ది. కాల్ రాగానే మ్యాపు మీద పడే వలయం సెల్ టవర్‌ను బట్టి వచ్చేది. విజయవాడలో అయితే నాలుగు వీధులు, పాడేరు వైపు అయితే నాలుగు కొండలు. అందుకని ఎస్సెమ్మెస్‌లో లింకు పంపుతాం. అవతలివాళ్లు దాన్ని నొక్కి, లొకేషన్‌కు ఒప్పుకుంటే కచ్చితమైన చుక్క పడుతుంది. పడినప్పుడు ఎంత హాయో! కానీ అవతల కీప్యాడ్ ఫోన్ ఉంటే లింకు దండగ. స్మార్ట్‌ఫోన్ ఉన్నా, సిగ్నల్ 2జీకి పడిపోతే మాట్లాడుతుండగా డేటా ఆగిపోతుంది, లింకు తెరుచుకోదు. ‘అన్నా, ఒక్క నిమిషం ఫోన్ పెట్టేసి లింకు నొక్కండి, మేమే మళ్లీ చేస్తాం’ అని చెప్పి చూడండి. పక్కన మనిషి పడిపోయి ఉంటే ఎవరు పెట్టేస్తారు?

ఎమర్జెన్సీ నంబరు కొట్టగానే ఫోనే జీపీఎస్ ఆన్ చేసుకుని, కాల్ సెంటర్‌కు లొకేషన్ పంపే పద్ధతి ఆండ్రాయిడ్‌లో 2016 నుంచి, ఐఫోన్లో 2018 నుంచి ఉంది. మన దేశంలో మొట్టమొదట ఉత్తరప్రదేశ్ 2025 డిసెంబర్‌లో తమ 112 ఎమర్జెన్సీ నంబరుకు దాన్ని కలిపింది. మా సీట్లకు ఇంకా రాలేదు. వస్తే సగం ప్రశ్నలు తగ్గుతాయి.

అయినా మిగతా సగం తగ్గవు, ఎందుకంటే అవి ఊళ్ల పేర్ల దగ్గర మొదలయ్యేవి. కొత్తపల్లి అని కొట్టండి, తెర నిండా కొత్తపల్లులే. ‘ఏ మండలమమ్మా?’ అని అడగాలి. దారిన పోతూ లారీ కింద పడ్డవాడిని చూసిన పరాయి ఊరి మనిషికి మండలం ఏం తెలుస్తుంది? రికార్డులో ఉన్న పేరు ఊళ్లో ఎవరూ అనరు, ఊళ్లో అనే పేరు రికార్డులో ఉండదు. ఎస్సీ కాలనీ, వాటర్ ట్యాంకు, ఆంజనేయస్వామి గుడి లేని ఊరు చూపించండి. దానికి తోడు 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అమలాపురం మనిషి ఫోన్లో ఇప్పటికీ తూర్పు గోదావరి అనే అంటాడు. మేం కోనసీమ కింద వెతకాలి. లిస్టులో పై నుంచి కిందికి వెళ్లేలోపు ఆయనకు కోపం వస్తుంది, న్యాయమే.

మా సీనియర్ల దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. వాడుక పేరు, అసలు పేరు, దగ్గర్లో గుర్తు, అన్నీ చేత్తో రాసినవే. కొత్త సిస్టమ్ వచ్చినప్పుడు దాన్ని ఎక్కించే చోటే లేదు. ఏళ్లు అడగ్గా అడగ్గా ‘ఇంకో పేరు’ అని ఒక గడి ఇచ్చారు. నైట్ డ్యూటీలో ఖాళీ దొరికినప్పుడల్లా తలా కొన్ని పేర్లు ఎక్కించాం. అన్ని అప్‌డేట్లలో నాకు బాగా పనికొచ్చింది ఆ గడే. దానికి ప్రారంభోత్సవం మాత్రం ఎవరూ చేయలేదు.

దగ్గరి బండిని చూపించడంలో ఇంకో తమాషా. నర్సాపురంలో బండి, సఖినేటిపల్లిలో కేసు అనుకోండి. మ్యాపులో పక్కపక్కనే. మధ్యలో వశిష్ఠ గోదావరి. నది దాటించే పంటు ఎక్కకపోతే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగాలి. మొదట్లో సిస్టమ్ గీత గీసి దూరం కొలిచేది. ఇప్పుడు రోడ్డు దూరం లెక్కేస్తోంది కాబట్టి కొంత నయం. హైవే డివైడర్‌కు అవతల ఆగి ఉన్న బండిని మాత్రం ఇప్పటికీ ‘రెండు నిమిషాలు’ అని చూపిస్తుంది. యూటర్న్ ఎక్కడుందో డ్రైవర్‌కే తెలుసు, ఆయన మాటే వింటాం.

హెడ్‌సెట్ గురించి ఎవరూ చెప్పని ఫిర్యాదు ఒకటుంది. ఇంటర్నెట్ లైను మీద నడిచే కొత్త ఐపీ ఫోన్లలో నాయిస్ తగ్గించే ఏర్పాటు పెట్టారు. గొంతు తేటగా వస్తుంది, నిజమే. కానీ నాకు కావలసింది ఆ నాయిసే. వెనక రైలు కూత, గుళ్లో మైకు, తలుపు బాదుతున్న చప్పుడు, వీటితో ఎన్ని కాల్స్ పట్టుకున్నామో! మాట్లాడలేని మనిషి చేసిన కాల్లో వినిపించేది అవే. ఇప్పుడు ఆ చోట మెత్తటి నిశ్శబ్దం. ఆ ఏర్పాటును ఆపే సెట్టింగ్ ఉంది, కాకపోతే అది అడ్మిన్ చేతిలో ఉంది.

ఖాళీ కాల్స్ సంగతి క్లుప్తంగా. 2017 జనవరి 1 నుంచి అమ్మే ఫోన్లలో పానిక్ బటన్ ఉండాలన్న నిబంధన మంచిదే. కీప్యాడ్ ఫోన్లో 5 గాని 9 గాని నొక్కి పట్టుకుంటే చాలు, మాకు కాల్ వచ్చేస్తుంది. జేబులో నొక్కుకున్నా చాలు. పాటలు చూడమని ఫోన్ చేతికిచ్చిన పిల్లలు సరేసరి. ప్రతి ఒక్కటీ ఎత్తుతాం, ప్రతి నంబరుకూ తిరిగి చేస్తాం. విసుగొస్తుంది, ఎత్తక తప్పదు.

సరిహద్దు కాల్స్ ఇంకా అతుకుల బొంతే. జగ్గయ్యపేట దాటాక ఏ టవర్ పట్టిందో దాన్ని బట్టి కాల్ మాకో, తెలంగాణ వాళ్లకో వెళుతుంది. పంపాల్సినప్పుడు ఫోన్‌తో పాటు కేసు వివరాలు తెర మీద వెళ్లవు. మేం చదివి వినిపిస్తాం, వాళ్లు మళ్లీ కొట్టుకుంటారు.

మొత్తం మీద పాతదానికి తిరిగి వెళ్లమంటే వెళ్లను. కొత్తగా కొనే రాష్ట్రాల వాళ్లు డెమో చూసేటప్పుడు మాత్రం హాల్లో కూర్చుని కొత్త ఐఫోన్‌తో చేయించకండి. కంపెనీ మనిషిని ఒక లంక గ్రామానికి పంపి, చేతికి కీప్యాడ్ ఫోనిచ్చి, రాత్రిపూట అక్కడి వాడుక పేరే చెప్పి కాల్ చేయమనండి. బండి ఎంతసేపటికి వచ్చిందో చూసి అప్పుడు సంతకం పెట్టండి.