900 గ్రాములు, మైనస్ 5, 1,500 రూపాయలు: ఈ స్లీపింగ్ బ్యాగ్ కొనొచ్చా?

మా బావమరిది వాట్సాప్‌లో ఓ లింకు పంపి, వెంటనే ఫోన్ చేశాడు. "బావా, చూశారా? పదిహేను వందలే. బరువు 900 గ్రాములట. మైనస్ 5 దాకా పనికొస్తుందట. సంక్రాంతికి వంజంగి, ఫిబ్రవరిలో కేదార్‌కంఠ. రెంటికీ ఇదొక్కటి కొనేస్తే సరిపోదూ?"

సరిపోదని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. అలా చెబితే వినడు. ఒకప్పుడు నాకు చెప్పినా నేను వినలేదు.

నాలుగేళ్ల కిందట నేను కొన్నదీ అచ్చం ఇలాంటిదే. సంచి మీద పెద్దక్షరాల్లో మైనస్ 5 అని ఉంది. లంబసింగి దగ్గర ఓ తోటలో టెంటు వేసుకున్నాం. పదకొండింటి దాకా నెగడు చుట్టూ కూర్చున్నాం కాబట్టి చలి తెలీలేదు. ఒంటిగంటకి మెలకువ వచ్చింది. భుజం నుంచి మోకాలి దాకా జిప్పు పొడుగునా, తడి దారం ఆనించినట్టు సన్నగా ఒక చల్లటి గీత. మంచి బ్యాగులకు జిప్పు వెనకాల దూది కూరిన పట్టీ ఒకటి ఉంటుంది, గాలి దూరకుండా. దీనికి లేదు. జిప్పుని పైకి తిప్పుకుంటే వీపు కింద నేల ఐసు పలకలా తగిలింది. చివరికి ప్యాంటు, రెయిన్‌కోటు, తువ్వాలు అన్నీ లోపల కుక్కుకుని తెల్లవారేదాకా కూర్చున్నాను. పొద్దున్నే చూస్తే టెంటు బయట వదిలేసిన నీళ్ల సీసాలో చిన్న మంచు పలుకైనా లేదు. బయట సున్నాకి పైనే ఉంది. మైనస్ 5 బ్యాగులో నేను పళ్లు టకటకలాడించాను.

అప్పుడు లోపల కుట్టిన లేబుల్ చదివాను. ఆ మైనస్ 5 పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో "ఎక్స్‌ట్రీమ్" అని ఉంది.

యూరప్‌లో 2002 నుంచి స్లీపింగ్ బ్యాగులకు ఈఎన్ 13537 అని ఒక ప్రమాణం ఉండేది. ఇప్పుడు దాని స్థానంలో ఐఎస్‌ఓ 23537 ఉంది. వేడెక్కించిన మనిషి బొమ్మకి లోపలి బట్టలు, సాక్సులు తొడిగి, బ్యాగులో పెట్టి, మ్యాట్ మీద పడుకోబెట్టి, చల్లని గదిలో కొలుస్తారు. దాన్నుంచి ముఖ్యంగా మూడు అంకెలు తీస్తారు. కంఫర్ట్ అంటే ఒక సగటు స్త్రీ హాయిగా నిద్రపోగల ఉష్ణోగ్రత. లిమిట్ అంటే సగటు పురుషుడు ముడుచుకుని పడుకుని, వణక్కుండా రాత్రి గడపగలిగేది. ఎక్స్‌ట్రీమ్ అంటే ఒక ఆరు గంటలు ప్రాణం నిలవొచ్చు, హైపోథర్మియా, అంటే ఒళ్లు ప్రాణం మీదికొచ్చేంతగా చల్లబడిపోవడం, మాత్రం రావొచ్చు అని. అది నిద్ర లెక్క కాదు, ఆసుపత్రి లెక్క. కంఫర్ట్‌కీ ఎక్స్‌ట్రీమ్‌కీ మధ్య పదిహేను, ఇరవై డిగ్రీల తేడా మామూలే. ఎక్స్‌ట్రీమ్ మైనస్ 5 అంటే హాయిగా పడుకోడానికి 10 డిగ్రీల పైన ఉండాలన్నమాట. ఇక ఊరూ పేరూ లేని బ్యాగుల మీదుండే అంకె ఏ గదిలోనూ కొలిచింది కాదు, అమ్మేవాడికి తోచింది.

లేబుల్‌ని నమ్మలేకపోతే తక్కెడని నమ్మొచ్చు. వేడి పుట్టేది మన ఒంట్లో, బ్యాగులో కాదు. దాన్ని పోనీకుండా పట్టి ఉంచడమే బ్యాగు పని. పట్టేది కూడా దూది కాదు, దూది పోగుల మధ్య ఇరుక్కున్న గాలి. 900 గ్రాముల్లో పైగుడ్డ, లోపలిగుడ్డ, జిప్పు, సంచి పోతే మిగిలేది అరకిలో పాలిస్టర్ దూది. అరకిలో మేలురకం డౌన్, అంటే బాతుల రొమ్ము కింద ఉండే మెత్తటి నూగు, సున్నా దగ్గర కాపాడుతుంది. అదే బరువు మామూలు పాలిస్టర్‌కి 10 డిగ్రీలంటేనే గొప్ప. పాలిస్టర్‌తోనే సున్నా దగ్గర హాయిగా పడుకోవాలంటే బ్యాగు ఒకటిన్నర నుంచి రెండు కిలోలు తూగుతుంది. అందుకే తేలికది, చవకది, సున్నా కింద పనికొచ్చేది అని ఎవరైనా మూడూ కలిపి చెబితే నేను మొదట అడిగేది "దూది బరువెంత?" అని. బ్యాగు బరువు కాదు, లోపలి దూది బరువు. అది చెప్పలేని కొట్లో కొనను.

మరి డౌన్ కొనేస్తే? ఫిల్ పవర్ 650, 800 అని రాసి ఉంటుంది. ఒక ఔన్సు నూగు ఎన్ని ఘనపు అంగుళాలు పొంగుతుందో ఆ అంకె. ఎక్కువైతే అదే వెచ్చదనానికి బరువు తక్కువ. పిడికెడంతగా నొక్కి సంచిలో పెట్టినా, తీసి దులిపితే పది నిమిషాల్లో పూరీలా పొంగుతుంది, చూడ్డానికే ముచ్చటగా ఉంటుంది. ధర మాత్రం మన పదిహేను వందలకి ఏడెనిమిది రెట్లకు తక్కువ ఉండదు. పైగా తడిస్తే ముద్దయిపోతుంది. టెంటు లోపల మన ఊపిరే చుక్కలుగా కారుతుందని మర్చిపోకూడదు. ఇంటికొచ్చాక సంచిలో నొక్కి అటకెక్కిస్తే పొంగే గుణం చస్తుంది, వదులుగా వేలాడదీయాలి. ఏడాదికి రెండు మూడు సార్లు హిమాలయాలకు వెళ్లేవాళ్లకి ఇది దండగ కాదు. ఒక్కసారి వెళ్లొచ్చి ఫొటోలు పెట్టుకునేవాడికి ఎందుకు?

బండి టెంటు దాకా వెళ్లే చోటికైతే ఈ తేలిక గొడవే అక్కర్లేదు. ఇంట్లో రజాయి తీసుకుపో. నేను అంతకంటే మా తాతగారి నల్ల గొంగడికే ఓటేస్తాను. కురుమలు నేసిన గొర్రె బొచ్చు గొంగడి మంచుకి తడిసినా వెచ్చగానే ఉంటుంది. బరువే పేచీ. కొత్తలో గుచ్చుకుంటుంది కూడా.

ఏ బ్యాగు కొన్నా, దాని కంటే ముందు కొనాల్సింది మ్యాట్. ఒంటి కింద పడ్డ దూది మన బరువుకి అణిగిపోతుంది, గాలి పోతుంది, అక్కడ బ్యాగు ఉన్నా లేనట్టే. బొమ్మని మ్యాట్ మీద పడుకోబెట్టే కొలిచారని చెప్పానుగా. ఉత్త నేల మీద పడుకుంటే ఆ అంకెలన్నీ కొట్టేసుకోవడమే. మడత పెట్టే ఫోమ్ మ్యాట్ ఆర్-వాల్యూ, అంటే నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె, సుమారు 2 ఉంటుంది, మన ఏజెన్సీ కొండలకి అది చాలు. మంచు మీదైతే రెండు వేసుకోవాలి, లేదా అంతకు రెట్టింపు ఆర్-వాల్యూ ఉన్న గాలి మ్యాట్ కావాలి. ఆ రాత్రి నన్ను లేపింది జిప్పే అయినా, కూర్చోబెట్టింది మాత్రం నేలే.

కేదార్‌కంఠ సంగతి వేరు. ఉత్తరాఖండ్ హిమాలయాల్లో ఉంది, శిఖరం 12,500 అడుగులు. ఫిబ్రవరిలో గుడారం వేసేది మంచు మీదే, రాత్రుళ్లు సున్నాకి బాగా దిగువకి పోతాయి. అక్కడికి ఈ 900 గ్రాములది తీసుకెళ్లడం డబ్బు ఆదా కాదు, తెగింపు. చాలా ట్రెక్ సంస్థలు కట్టిన రుసుములోనే బ్యాగు, టెంటు ఇస్తాయి. సొంతంగా వెళ్లేవాళ్లకి ట్రెక్ మొదలయ్యే సాంక్రీ ఊళ్లో రోజు లెక్కన అద్దెకు దొరుకుతాయి. బరువుంటాయి, వాసనొస్తాయి. లోపల పరుచుకోడానికి ఒక ఫ్లీస్ లైనర్ పట్టుకెళ్తే వాసన బాధ తప్పుతుంది, రెండు మూడు డిగ్రీలు కలిసొస్తుంది. తీసుకునేటప్పుడే విప్పి, వెలుతురుకి ఎత్తి చూడాలి. దూది జారిపోయిన చోట వెలుతురు పలచగా కనిపిస్తుంది. అలాంటిది మొహమాటం లేకుండా తిరిగిచ్చేయాలి.

కాబట్టి వాడికి చెప్పింది ఇదీ. వంజంగికి చవక బ్యాగు కొనుక్కో, తప్పు లేదు. కానీ ఈ లింకుది వద్దు. లేబుల్ మీద కంఫర్ట్ 5 అని స్పష్టంగా రాసున్నది, కిలోన్నర తూగినా సరే, ఇంకో వెయ్యి, పదిహేను వందలు వేసి తీసుకో. కింద ఫోమ్ మ్యాట్, తలకి మంకీ క్యాప్, పడుకునే ముందు కాళ్ల దగ్గర గట్టిగా మూత బిగించిన వేణ్నీళ్ల సీసా. ఫిబ్రవరికి అద్దెది. డౌన్ మాట మూడో ట్రెక్ తర్వాత.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే బావా, వంజంగికి మీ తాతగారి గొంగడి ఇస్తారా?" అన్నాడు.

మ్యాట్ కొన్న బిల్లు చూపిస్తే ఇస్తానన్నాను.