‘డైరెక్ట్ సెకండ్ ఇయర్’ అంటే నమ్మి టీసీ తీసుకోకండి: నెల్లూరు, ఒంగోలు వాళ్ళకి హెచ్చరిక

బుధవారం జరిగింది ఇది. ఇంకా ఒళ్ళు మండిపోతానే ఉంది, వరస తప్పితే ఏమీ అనుకోవద్దు. ఆ కాలేజీ పేరూ, ఆ కన్సల్టెన్సీ పేరూ ఇక్కడ రాయడం లేదు. కానీ ఆ బోర్డులు మీరందరూ చూసినవే. "డిగ్రీ మధ్యలో ఉన్నారా? నర్సింగ్, ఫిజియోథెరపీ, ఎంఎల్‌టీలో డైరెక్ట్ సెకండ్ ఇయర్" అని నెల్లూరు, కావలి, ఒంగోలు బస్టాండ్ల చుట్టూ అంటించి ఉంటాయి.

మా బాబాయి కూతురు డిగ్రీలో జువాలజీ మేజర్. విక్రమ సింహపురి యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీలో రెండు సెమిస్టర్లూ పాసైంది. ల్యాబ్ ఉద్యోగం కావాలని మెడికల్ ల్యాబ్ టెక్నాలజీకి, అంటే బీఎస్సీ ఎంఎల్‌టీకి మారాలనుకుంది. కన్సల్టెన్సీ వాళ్ళు రూ.25,000 తీసుకున్నారు, కాలేజీలో మొదటి కంతు రూ.45,000 కట్టించారు. "పాత కాలేజీలో టీసీ తీసుకోండి, ఒరిజినల్స్ ఇక్కడ ఇవ్వండి, సెకండ్ ఇయర్‌లో కూర్చోవచ్చు" అన్నారు. ఇంతే కథ.

అసలు సంగతి రసీదులో ఉంది. డబ్బు కట్టిన రోజు ఇచ్చిన రసీదులో కోర్సు పేరు రాశారు, సంవత్సరం అనే గడి ఖాళీగా వదిలేశారు. అది మేం చూశాం. చూసి కూడా అడగలేదు. బుధవారం టీసీ, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, స్టడీ సర్టిఫికెట్లు అన్నీ కౌంటర్ మీద పెట్టాక, ఆ క్లర్కు రసీదు వెనక్కి అడిగి తీసుకుని మా కళ్ళ ముందే ఆ ఖాళీ గడిలో ‘1’ అని వేశాడు. తల కూడా ఎత్తలేదు.

"సెకండ్ ఇయర్ అన్నారు కదండీ" అని బాబాయి అడిగితే, "అది కన్సల్టెన్సీ వాళ్ళు అని ఉంటారు, మాకు సంబంధం లేదు" అన్నాడు. అయితే సర్టిఫికెట్లు ఇచ్చేయండి అంటే, "సీటు బ్లాక్ అయింది, కోర్సు మొత్తం ఫీజు కట్టి తీసుకెళ్ళండి" అన్నాడు. ఆ పైన అన్న మాట మాత్రం నేను మరిచిపోలేను. "ఏం పెద్దాయనా, నీకంటే తెలీదు, చదువుకున్న నీ కూతురికైనా తెలీదా కోర్సు మారితే సంవత్సరం పోద్దని?" అరవై ఏళ్ళ మనిషిని నిలబెట్టి, నువ్వు అని, పది మంది ముందు. అంతకు రెండు వారాల ముందు ఇదే కౌంటర్‌లో ఇదే మనిషి "రండి సార్, కూర్చోండి" అని మంచినీళ్ళు తెప్పించాడు. డబ్బు ఎట్లాగో తెచ్చుకుంటాం. ఆ పిల్ల ఆ రోజు నుంచి తప్పంతా తనదేనని ఏడుస్తా ఉంది. తప్పు ఆమెది కాదు. తెలిసిన వాళ్ళం మేం పక్కనే ఉండి టీసీకి ముందు ఒక్క కాగితం అడిగించలేదు. ఆ బాధ్యత మాది.

ఇప్పుడు విషయానికి వస్తా. మారాలనుకునే పిల్లలు దయచేసి ఇది పూర్తిగా చదవండి.

మామూలు బీఎస్సీ నుంచి నర్సింగ్‌కో, బీపీటీకో (ఫిజియోథెరపీ డిగ్రీ), ఎంఎల్‌టీకో వెళ్తే రెండో సంవత్సరం అనేది లేదు. ఏ కాలేజీ కూడా తనంతట తాను ఇచ్చే వీల్లేదు. మన రాష్ట్రంలో చాలా వరకు ఈ కోర్సులకు పరీక్షలు పెట్టేది, పట్టా ఇచ్చేది విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. 2022లో దాని పేరు వైఎస్సార్‌గా మార్చారు, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరే పెట్టారు. పాత కాగితాల్లో వేరే పేరు కనిపిస్తే కంగారు పడొద్దు, రెండూ ఒకటే. మీ సంవత్సరం ఏదో తేల్చేది ఆ యూనివర్సిటీ, కౌంటర్‌లో కూర్చున్న మనిషి కాదు.

ఎందుకు కుదరదంటే, ఈ చదువులు మార్కులతో పాటు గంటల లెక్కన నడుస్తాయి. నర్సింగ్ మొదటి సెమిస్టర్ చూడండి: అప్లైడ్ అనాటమీ, అప్లైడ్ ఫిజియాలజీ, సోషియాలజీ, సైకాలజీ, కమ్యూనికేటివ్ ఇంగ్లీష్, నర్సింగ్ ఫౌండేషన్. దాంతో పాటు వార్డులో పని. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం థియరీకీ ప్రాక్టికల్‌కీ కనీసం 80 శాతం హాజరు ఉండాలి, పట్టా చేతికి వచ్చేలోగా క్లినికల్ హాజరు నూటికి నూరు శాతం పూర్తి కావాలి. జువాలజీ ల్యాబ్‌లో కప్ప గుండె గీసిన రికార్డు వార్డులో పేషెంటుకి బీపీ చూసిన గంటగా మారదు. ల్యాబ్, ఫిజియోథెరపీ లాంటి వాటికి 2021లో కేంద్రం చేసిన జాతీయ అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టం ఉంది. అందులో కూడా అర్హతను గంటల్లోనే చెప్పారు: అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్‌కి కనీసం 2,000 గంటలు, హెల్త్‌కేర్ ప్రొఫెషనల్‌కి కనీసం 3,600 గంటలు. మొదటి సంవత్సరం ఎగరగొట్టి పట్టా సంపాదించినా, రేపు రిజిస్ట్రేషన్ దగ్గర ఆ గంటలు ఎక్కడని అడుగుతారు.

"అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో మీ క్రెడిట్స్ ఉన్నాయి కదా, ట్రాన్స్‌ఫర్ చేస్తాం" అనే మాట కొత్తగా మొదలైంది. మాక్కూడా ఇదే చెప్పారు. క్రెడిట్లు, అంటే పాసైన పేపర్లకు వచ్చే పాయింట్లు, ఆ ఆన్‌లైన్ ఖాతాలో ఉండటం నిజమే, కానీ వాటిని ఒప్పుకోవాలా వద్దా అనేది చేర్చుకునే యూనివర్సిటీ ఇష్టం. ఇంగ్లీషు లాంటి పేపర్ ఏదైనా కలిసొస్తే రావచ్చు, దానితో ఏడాది మిగలదు. సీటుకు లెక్కలోకి వచ్చే అర్హత మీ ఇంటర్ బైపీసీనే.

నిజంగా రెండో ఏడాదిలోకి తలుపు ఉన్నది ఫార్మసీకి. డీఫార్మసీ (ఫార్మసీ డిప్లొమా) పాసైన వాళ్ళు బీఫార్మసీ మూడో సెమిస్టర్‌లో చేరొచ్చు, దానికి డిప్లొమా వాళ్ళ ప్రవేశ పరీక్ష ఏపీఈసెట్‌లో ఫార్మసీ పేపర్ కూడా ఉంది. అయితే మీ డీఫార్మసీ చదివిన కాలేజీకి ఫార్మసీ చట్టం సెక్షన్ 12 కింద ఫార్మసీ కౌన్సిల్ ఆమోదం ఉండి తీరాలి. అట్లా చేరిన వాళ్ళకి డీఫార్మసీ నుంచి 52 క్రెడిట్లు వస్తాయి. కమ్యూనికేషన్ స్కిల్స్ 3 క్రెడిట్లు, కంప్యూటర్ అప్లికేషన్స్ ఇన్ ఫార్మసీ 4 క్రెడిట్లు అదనంగా రాసి పాసైతే మొత్తం 59 అవుతాయి, మొదటి రెండు సెమిస్టర్లతో సమానం. ఈ రెండు పేపర్లూ రాయాలని చాలా కాలేజీల్లో చెప్పరు. ఆఖరి సంవత్సరంలో క్రెడిట్లు తగ్గాయని తెలిసి పరిగెత్తే పిల్లలు ఉన్నారు, చేరిన వారంలోనే అడగండి. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివిన వాళ్ళకి బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం లేదు. వాళ్ళకి విడిగా రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ ఉంది, అందులో చేరాలంటే ముందు నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి ఉండాలి.

కాలేజీ మాత్రమే మారేవాళ్ళకు మన రెండు జిల్లాల మధ్య ఒక చిక్కుంది, ఏజెంట్లు దీన్ని అసలు ఎత్తరు. నెల్లూరు ఫార్మసీ కాలేజీలు జేఎన్‌టీయూ అనంతపురం కింద, ఒంగోలు వైపువి జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉన్నాయి. నూట ఇరవై కిలోమీటర్ల దూరమే అయినా, అది యూనివర్సిటీ మార్పు. రెండు కాలేజీల నుంచి అభ్యంతరం లేదనే కాగితాలు (ఎన్‌వోసీలు), రెండు యూనివర్సిటీల ఆమోదం, అక్కడ ఖాళీ సీటు, అక్కడ చదివి మీరు చదవని సబ్జెక్టులు విడిగా రాయడం, ఇన్ని ఉన్నాయి. మామూలు డిగ్రీలు కూడా అంతే, నెల్లూరుకి విక్రమ సింహపురి, ఒంగోలుకి ఆంధ్రకేసరి యూనివర్సిటీ.

ఇంకోటి లోకల్ లెక్క. సీట్లలో 85 శాతం లోకల్ వాళ్ళకి. ఉమ్మడి నెల్లూరు జిల్లా ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) ప్రాంతం, ఉమ్మడి ప్రకాశం జిల్లా ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) ప్రాంతం. కనిగిరిలో చదివిన పిల్ల నెల్లూరు సీటుకి నాన్‌లోకల్ అవుతుంది. ఎక్కువ మందికి ఇది కౌన్సెలింగ్ రోజునే తెలుస్తుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశతో ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త. కన్వీనర్ కోటా సీటుకే అది వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాకీ, స్పాట్ అడ్మిషన్‌కీ రాదు. ఏజెంటు ఇప్పించేది మేనేజ్‌మెంట్ సీటే. "ముందు చేరండి, తర్వాత రీయింబర్స్‌మెంట్‌లోకి మారుస్తాం" అంటే అక్కడే లేచి వచ్చేయండి. ఒకసారి డిగ్రీలో మొదటి సంవత్సరానికి వాడుకున్న వాళ్ళు, మళ్ళీ మొదటి సంవత్సరం చేరితే ఏమవుతుందో టీసీ తీసుకునే ముందే మీ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని అడగండి.

దూరవిద్యలో ఎంఎల్‌టీ, దూరవిద్యలో డైటీషియన్ డిగ్రీ అని అమ్ముతున్న వాళ్ళు కూడా ఇదే గుంపు. 2025లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) స్పష్టంగా చెప్పింది, 2021 చట్టం కిందకి వచ్చే హెల్త్‌కేర్ కోర్సులు ఆ ఏడాది జూలై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని. సైకాలజీ, మైక్రోబయాలజీ, క్లినికల్ న్యూట్రిషన్, డైటెటిక్స్ కూడా అందులో ఉన్నాయి. నెల్లూరు పొగతోటలో ఏ ల్యాబ్ ముందు నిలబడి అడిగినా చెప్తారు, చేతిలో నరం పట్టుకుని రక్తం తియ్యడం ఇంట్లో కూర్చుంటే రాదు.

ఒకే బిల్డింగ్‌లో నాలుగు బోర్డులు ఉండే చోట ఇంకా మోసపోతారు. కింద జీఎన్‌ఎం స్కూలు, పైన బీఎస్సీ నర్సింగ్, పక్క గదిలో పారామెడికల్ బోర్డు డిప్లొమా, ఇంకో గదిలో వేరే రాష్ట్రం యూనివర్సిటీ పేరుతో ఏదో బీవోక్. చూపించేది ఒకటి, దరఖాస్తులో రాయించేది ఇంకోటి. దరఖాస్తు పైన ఉన్న యూనివర్సిటీ పేరు అక్షరం అక్షరం చదవండి. అదే పేరు, అదే కోర్సు, ఈ సంవత్సరానికి ఎన్ని సీట్లు అని యూనివర్సిటీ అఫిలియేషన్ జాబితాలో ఉండాలి. నర్సింగ్‌కైతే నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో, ఫార్మసీకైతే ఫార్మసీ కౌన్సిల్ జాబితాలో కూడా ఉండాలి. పోయినేడు ఉందంటే సరిపోదు, మీరు చేరే సంవత్సరానికి ఉండాలి. కౌన్సిల్ పెట్టిన చివరి తేదీ దాటాక ఇచ్చిన నర్సింగ్ సీటు చెల్లదు, "బ్యాక్‌డేట్ వేస్తాం" అంటే నమ్మొద్దు.

సర్టిఫికెట్ల సంగతి. యూజీసీ 2018 అక్టోబర్ ఉత్తర్వు ప్రకారం కాలేజీ ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదు. చేరేటప్పుడు మీ ముందే చూసి వెనక్కి ఇచ్చేయాలి, మీరు సంతకం పెట్టిన జిరాక్సులే ఉంచుకోవాలి. ఫీజు వాపసుకి కూడా అందులో లెక్క ఉంది. అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే మానేస్తే పూర్తి ఫీజు, అందులో 5 శాతం, అదీ రూ.5,000 మించకుండా, ప్రాసెసింగ్ కింద కోసుకోవచ్చు. చివరి తేదీకి ముందు 15 రోజుల లోపైతే 90 శాతం. చివరి తేదీ దాటిన 15 రోజుల వరకు 80 శాతం. 15 నుంచి 30 రోజుల మధ్య 50 శాతం. ఆ తర్వాత ఏమీ రాదు. అందుకే రోజులు లెక్కపెట్టుకోవాలి, "వచ్చే వారం రండి" అని తిప్పించేది ఆ 30 రోజులు గడపడానికే.

మేం గురువారం పొద్దున చేసింది: మానేస్తున్నామని, ఒరిజినల్స్ ఇవ్వాలని, ఫీజు వాపసు చేయాలని ప్రిన్సిపాల్ పేరున తేదీ వేసి ఉత్తరం రాశాం. కౌంటర్‌లో ఒకటి ఇచ్చి, అక్నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్ పోస్టులో ఇంకోటి పంపాం. యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. కన్సల్టెన్సీ మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రూ.5 లక్షల లోపు ఫిర్యాదుకి ఫీజు లేదు, జరిగిన రెండేళ్ళ లోపల వేయాలి. రసీదు, బోర్డు ఫోటో, ఫోన్‌పే స్క్రీన్‌షాట్, వాట్సాప్‌లో వాళ్ళు "సెకండ్ ఇయర్" అని పెట్టిన మెసేజ్ అన్నీ దాచి ఉంచాం. ఆ మెసేజ్ ఒక్కటే మాకు ఇప్పుడు ఆధారం. మీరైతే ఏ మాటైనా వాట్సాప్‌లో రాసి పంపమనండి, ఫోన్లో చెప్తాం అంటే ఒప్పుకోవద్దు. డబ్బు కాలేజీ అకౌంటుకే కట్టండి, ఏజెంటు ఫోన్ నంబరుకి కాదు.

టీసీ తీసుకునే ముందు: మిమ్మల్ని ఏ సంవత్సరంలో చేర్చుకుంటున్నారో యూనివర్సిటీ ఇచ్చిన కాగితం చేతిలో ఉండాలి. రసీదులో సంవత్సరం గడి ఖాళీగా ఉంటే రాయించకుండా అక్కడి నుంచి కదలొద్దు. ఇప్పటికే టీసీ తీసేసుకున్న వాళ్ళు ఉంటే, ఇవాళే పాత కాలేజీ ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి రీఅడ్మిషన్‌కి అర్జీ ఇవ్వండి. మా బాబాయి రేపు పొద్దున తొమ్మిదింటికి అక్కడే ఉంటాడు.