పేరులేని స్పైరల్ బుక్కు కొనొచ్చా?

కర్నూలులో నర్సింగ్, ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు), ఫిజియో, ఏది చదివేవాళ్లయినా ఈ పుస్తకాన్ని ఎవరో ఒకరి చేతిలో చూసే ఉంటారు. నీలం అట్ట, పైన ప్లాస్టిక్ షీటు, నల్ల స్పైరల్. అట్ట మీద ‘మెడికల్ టెర్మినాలజీ ఈజీ నోట్స్’ అని తప్ప ఇంకేం ఉండదు. రాసినవాళ్ల పేరు లేదు, సంవత్సరం లేదు. బుధవారపేటలో పెద్దాసుపత్రి చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో అడిగితే లోపల్నుంచి తీసిస్తారు. నేను కొన్నప్పుడు 120 రూపాయలు. ఎవరు రాశారన్నా అని అడిగితే, “ఎవరో రిటైరయిన ట్యూటరమ్మ అంటారు పాపా, మాకైతే మాస్టర్ కాపీ ఉంది, తీసిస్తాం అంతే” అన్నాడు షాపాయన. కొనాలా వద్దా అని ఫస్టియర్ వాళ్లు అడుగుతూనే ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నా.

నాది పత్తికొండ దగ్గర పల్లె, ఇంటర్ బైపీసీ దాకా తెలుగు మీడియం. బీఎస్సీ నర్సింగ్ మొదటి సెమిస్టర్‌లో అనాటమీ, ఫిజియాలజీ, సోషియాలజీ, సైకాలజీ, నర్సింగ్ ఫౌండేషన్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. టెర్మినాలజీకంటూ, అంటే జబ్బుల, అవయవాల, ఆపరేషన్ల ఇంగ్లిష్ పేర్లకంటూ, విడిగా పేపరేం లేదు, కానీ అది రాకపోతే మిగతా ఏ పేపరూ కదలదు. నా లాంటివాళ్లకు ఈ బుక్కు ఎంతవరకు ఉపయోగపడుతుందన్నదే చెప్పగలను. ఇంగ్లిష్ మీడియం నుంచి వచ్చినవాళ్ల లెక్క వేరు.

120 రూపాయలూ గిట్టుబాటయ్యేది మొదటి ముప్పై నలభై పేజీల్లోనే. మామూలుగా షాపుల్లో దొరికే నోట్సుల్లో ‘ఎ’ నుంచి ‘జెడ్’ దాకా మాటలు వరసగా పెట్టి, పక్కన అర్థం ఇస్తారు. అలా బట్టీ పడితే వారం తిరిగేలోపు సగం ఎగిరిపోతాయి. ఈ బుక్కు రాసిన ట్యూటరమ్మ అలా చేయలేదు. ముందు మాట తోకలన్నీ ఒక చోట పెట్టింది. ‘ఐటిస్’ ఉంటే వాపు, ‘ఎక్టమీ’ ఉంటే కోసి తీసేయడం, ‘ఆటమీ’ ఉంటే కోత పెట్టడం, ‘ఆస్టమీ’ ఉంటే బయటికి దారి చేయడం, ‘స్కోపీ’ ఉంటే పరికరంతో లోపల చూడడం. ట్రేకియాటమీ, ట్రేకియాస్టమీ రెండూ పక్కపక్కన రాసి, ఒకటి కోత, ఇంకొకటి గొంతు దగ్గర ఉంచే దారి అని చిన్న బొమ్మ కూడా వేసింది. ఆ బొమ్మ చేత్తో గీసిందే, అయినా మా లెక్చర్ స్లైడ్ల కంటే నాకు అదే గుర్తుంది.

తర్వాత చదివే పద్ధతి చెప్పింది. మాటను చివరి నుంచి మొదలుపెట్టాలి, ఆ తర్వాత మొదటికి రావాలి, మధ్యలో ఉన్న అవయవం ఆఖరికి. కోలిసిస్టెక్టమీ చూసి భయపడకుండా చివర ‘ఎక్టమీ’, అంటే ఏదో తీసేశారు. మొదట ‘కోలీ’, పైత్యరసం. మధ్యలో ‘సిస్ట్’, సంచి. పైత్యరసం ఉండే సంచి తీసేశారు, గాల్ బ్లాడర్ ఆపరేషన్. ఈ ఒక్క పద్ధతి చేతికొస్తే వార్డులో కేస్ షీటు పట్టుకున్నప్పుడు టెన్షన్ సగం తగ్గుతుంది. అన్ని మాటలూ ఇలా విడదీస్తే దారికొస్తాయని మాత్రం అనుకోకండి. అనీమియాను విడదీస్తే ‘రక్తం లేకపోవడం’ అని వస్తుంది, నిజానికి అది రక్తంలో హిమోగ్లోబిన్ తగ్గడం. ఈ సంగతి ఆమె కూడా ఒక మూల చిన్న అక్షరాల్లో రాసింది, పెద్దగా రాయాల్సింది.

నాకు బాగా నచ్చిన పేజీ ‘రెండు పేర్ల అవయవాలు’. కిడ్నీకి ఒక చోట ‘నెఫ్రో’ అంటారు, ఇంకో చోట ‘రీనల్’ అంటారు. గర్భసంచికి ‘హిస్టరో’, ‘యుటెరైన్’. ఊపిరితిత్తులకు ‘న్యుమో’, ‘పల్మొనరీ’. ఒకటి గ్రీకు నుంచి వచ్చింది, ఒకటి లాటిన్ నుంచి. జబ్బు, ఆపరేషన్ పేర్లలో ఎక్కువగా గ్రీకుది, అవయవం దగ్గరి రక్తనాళాల పేర్లలో ఎక్కువగా లాటిన్‌ది వాడతారని ఒక్క లైనులో తేల్చేసింది. నెఫ్రైటిస్, కానీ రీనల్ ఆర్టరీ. హిస్టెరెక్టమీ, కానీ యుటెరైన్ ఆర్టరీ. అనాటమీ పెద్ద పుస్తకాల్లో నాకు ఇది ఇంత సూటిగా ఎక్కడా దొరకలేదు.

ఇక తిట్టాల్సినవి. ప్రతి మాట పక్కన తెలుగులో పలికే తీరు ఇచ్చింది. న్యుమోనియాలో ‘పి’ పలకదు, సోయాస్ కండరంలో కూడా పలకదు అని తెలియడానికి అది మంచిదే. కానీ చాలామంది ఇంగ్లిష్ స్పెల్లింగ్ వదిలేసి తెలుగు కాలమే చదువుతున్నారు. చిన్నపేగు చివరి భాగం ఇలియం, తుంటి ఎముక పైభాగం ఇలియం. తెలుగులో రెండూ ఒకటే. ఇంగ్లిష్‌లో మొదటిదానికి మధ్యలో ‘ఈ’, రెండోదానికి ‘ఐ’. మింగడం కష్టమైతే డిస్ఫేజియా, మాట కష్టమైతే కూడా డిస్ఫేజియా, తేడా ఒక్క ‘జి’, ‘ఎస్’ అక్షరాల్లోనే. పేషెంటు మింగలేడా, మాట్లాడలేడా అన్నది చిన్న తేడా కాదు కదా. పైగా కాపీకి కాపీ తీసీ తీసీ ఆ ‘ఈ’ అక్షరం చాలా చోట్ల ‘సి’ లాగా కనిపిస్తోంది.

అబ్రివియేషన్ల భాగం సగం బంగారం, సగం ప్రమాదం. ఓడీ, బీడీ (రోజుకు రెండుసార్లు), టీడీఎస్ (మూడుసార్లు), ఎస్‌ఓఎస్ (అవసరమైతేనే), స్టాట్ (వెంటనే), ఎన్‌బీఎం (నోటితో ఏమీ ఇవ్వొద్దు) అన్నీ ఉన్నాయి, వార్డులో రోజూ కనిపించేవే. కానీ ఓడీ అంటే రోజుకొకసారి అని మాత్రమే ఇచ్చింది. కంటి వార్డుకు పోతే ఓడీ అంటే కుడి కన్ను. పీటీ అంటే ఫిజియోథెరపీ కావచ్చు, రక్తం గడ్డకట్టే సమయం చూసే ప్రోత్రాంబిన్ టైమ్ పరీక్ష కావచ్చు, కొందరు పేషెంటు అనే మాటకే పీటీ అని రాస్తారు. ఎంఎస్ సంగతి ఇంకా ఘోరం. మైట్రల్ స్టెనోసిస్ అనే గుండెజబ్బు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు, మార్ఫిన్ సల్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్ అనే మందులు, అన్నిటికీ అదే. ఇక్కడ పక్క లైను చూసే అర్థం చేసుకోవాలన్న ఒక్క హెచ్చరిక రాసి ఉంటే బాగుండేది.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది యూనిట్‌కు ‘యు’ అని రాయొచ్చని ఇవ్వడం. ఇన్సులిన్ 10 పక్కన ఆ ‘యు’ అక్షరం చేతిరాతలో సున్నాలా పడితే అది 100 అయిపోతుంది. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ వాళ్లు 2004లోనే రాయకూడని గుర్తుల జాబితా ఇచ్చారు, అందులో ఇది ఉంది. ‘యూనిట్’ అని పూర్తిగా రాయాలి. అలాగే 5.0 అని రాయకూడదు, చుక్క కనపడకపోతే 50 అవుతుంది. సగం మిల్లీగ్రాముకు 0.5 అని ముందు సున్నా పెట్టి తీరాలి. నా కాపీలో ఆ పేజీ మీద ఎర్ర పెన్నుతో కొట్టేసి రాసుకున్నా, మీరూ అలాగే చేయండి.

తెలుగు అర్థాల కాలమ్ కూడా సగమే పనికొస్తుంది. ఊపిరి కష్టమయ్యే డిస్నియాకు ‘శ్వాసకృచ్ఛ్రం’, మూత్రం పోసేటప్పుడు నొప్పెట్టే డిస్యూరియాకు ‘మూత్రకృచ్ఛ్రం’ అని ఇచ్చింది. మా వార్డులో పేషెంటు “దమ్మొస్తాంది సిస్టరూ” అంటాడు, “ఒంటేలికి పోతే సుర్రుమంటాంది” అంటాడు. ఆదోని, ఆలూరు వైపు నుంచి వచ్చేవాళ్లలో కొందరు కన్నడంలో చెబుతారు. పేజీ మార్జిన్ వెడల్పుగానే ఉంది కాబట్టి నేను పేషెంట్లు చెప్పిన మాటలు అక్కడే రాసుకుంటున్నా.

స్పెల్లింగుల్లో బ్రిటిష్, అమెరికన్ కలిపేసింది. ఎడీమాను (ఒంట్లో నీరు చేరి ఉబ్బడం) ఒక చోట ‘ఓ’తో, ఒక చోట ‘ఈ’తో మొదలుపెట్టింది, అందుకే చివర్లో ఇచ్చిన ఇండెక్సులో వెతికితే ఒక్కోసారి దొరకదు. ఇండెక్సును లేదనుకుని వదిలేయండి.

ఇది ఒక్కటే చదివితే సరిపోదు. మా రూమ్మేటు ఇందులోని మాటలు ఫోన్‌లో ఆంకీ అనే యాప్‌లో కార్డులుగా చేసుకుంది. ఆండ్రాయిడ్‌లో అది ఫ్రీ. మనం మర్చిపోయిన కార్డు తొందరగా మళ్లీ వస్తుంది, బాగా వచ్చినది చాలా రోజులకు వస్తుంది. తయారు కార్డులు దింపుకోవడం కన్నా సొంతంగా చేసుకుంటేనే స్పెల్లింగు చేతికొస్తుందని ఆమె మాట, నేనూ ఒప్పుకుంటా.

మార్కులు వేయమంటే ఐదుకు మూడున్నర. తోకల పేజీలకు, రెండు పేర్ల పేజీకి పూర్తి మార్కులు, అబ్రివియేషన్ల దగ్గర కోత. ఫస్టియర్ వాళ్లు, ముఖ్యంగా తెలుగు మీడియం వాళ్లు, కొనండి. థర్డ్ ఇయర్ వాళ్లకు అనవసరం.

కొనేటప్పుడు బేరం పెద్దగా సాగదు, ఇద్దరు ముగ్గురు కలిసి తీసుకుంటే పది ఇరవై తగ్గిస్తారు. డబ్బులిచ్చే ముందు చిన్నపేగు ఉన్న పేజీ తెరిచి, ‘ఈ’, ‘ఐ’ విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. అక్షరాలు అలుక్కుపోయి ఉంటే వేరే కాపీ ఇమ్మనండి, ఇస్తారు.