మూడేళ్లు కొండల్లో తిప్పిన జీపీఎస్ గురించి

కొండ సైకిలుకు జీపీఎస్ కొనేటప్పుడు చాలామంది తెర ఎంత పెద్దది, మ్యాపు ఎంత బాగుంది అని చూస్తారు. నేనూ అవే చూసి కొన్నాను. నెల్లూరు జిల్లా ఉదయగిరి, సీతారామపురం వైపు వెలికొండల కింద మూడేళ్లు తిరిగాక ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒక్కటే. వచ్చిన దారిని గీతగా గీసుకుంటుంది కదా, ఆ గీత ఎక్కడా తెగకుండా ఉంటుందా లేదా అన్నది చూడండి.

నా దగ్గరున్నది చేతిలో ఇమిడే రకం. రెండు పెన్సిల్ బ్యాటరీలు, పక్కన మీటలు, చిన్న రంగుల తెర. టచ్ లేదు, దిక్సూచి లేదు. మిగతా వివరాలు పెట్టె మీదే ఉంటాయి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి ఉచితంగా దొరికే పటం ఎక్కించాను. తారు రోడ్లు, చెరువులు, ఊళ్లు సరిగ్గానే ఉన్నాయి. కానీ మేము తొక్కేది మేకల బాటలు, వంకలు దాటే కాలిబాటలు. అవి ఒక్కటీ అందులో లేవు. ఉదయగిరి దుర్గాన్ని కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గాని పట్టుకోలేకపోయాడని చిన్నప్పుడు చదివినప్పుడు ఎందుకంత కాలం పట్టిందో అర్థం కాలేదు. ఆ గుట్టల కింద సైకిలు తోసుకుంటూ తిరిగితే అర్థమైంది. ఇక్కడ తెర మీద నా బాణం గుర్తు ఖాళీలో కదులుతుంది. దాని వెనక సాగే గీతే ఇంటికి దారి.

ఫోను చాలదా అంటే, సిగ్నలు లేకపోయినా ఫోనులో జీపీఎస్ పని చేస్తుంది, నిజమే. మే నెల ఎండకు నా ఫోను హ్యాండిల్ మీదే వేడెక్కి రెండుసార్లు ఆగిపోయింది. వానలో తడి వేలికి పలకలేదు. ఈ పరికరం తెర మాత్రం ఎండ ముదిరేకొద్దీ స్పష్టమవుతుంది. మీట తడి చేతికైనా పలుకుతుంది.

మొదటి ఏడాది అందరికీ చెప్పేవాణ్ణి, పెన్సిల్ బ్యాటరీలతో నడిచేదే కొనండి అని. ఏ ఊరి చిల్లర కొట్లోనైనా దొరుకుతాయి, జేబులో ఒక జత ఉంటే బెంగ ఉండదు. ఆ మాట ఇప్పుడూ అంటాను, కానీ అంత గట్టిగా కాదు.

రెండో ఏడాది నవంబరు. మా జిల్లాకు అసలు వానలు ఆ నెలల్లోనే. నేనూ, డిగ్రీ చదువుతున్న మా మేనల్లుడూ వెళ్లాము. అవి ఎర్రచందనం కొండలు, అనుమతి లేకుండా అటవీ శాఖ హద్దు రాళ్లు దాటకూడదు. మేమెప్పుడూ దాటము. హద్దుకు ఇవతల గుట్ట ఎక్కి, రాళ్లు తేలిన దిగుడులో వంకలోకి దిగాము. నీళ్లు తాగుతూ చూస్తే తెర నల్లగా ఉంది. మీట నొక్కితే వెలిగింది. పొరపాటున ఎక్కడో నొక్కుకుపోయి ఉంటుందిలే అనుకుని ముందుకు సాగాము.

తిరిగి వస్తుంటే నాలుగున్నరకు వాన అందుకుంది. వంక దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది. ఎర్రనీళ్లు ఇంకా చీలమండ లోతే. దాటి, సైకిళ్లు తోసుకుంటూ ఎక్కుతుంటే బాట రెండుగా చీలింది. పొద్దున అక్కడ చీలిక ఉన్నట్టే తెలియదు. పక్క నుంచి వచ్చి కలిసే బాట వెళ్లేటప్పుడు కంటికి ఆనదు, తిరిగి వచ్చేటప్పుడే ఎదురై నిలబడుతుంది. టైరు జాడలను వాన కడిగేసింది. తెర చూశాను. గీత మా వెనక వంక వరకే ఉంది. మళ్లీ గుట్ట మీద మొదలవుతోంది. మధ్యలో సుమారు మూడు వందల మీటర్ల ఖాళీ. పొద్దున పరికరం ఆరిపోయింది సరిగ్గా అక్కడే.

“ఏ బాట మామా?” అన్నాడు వాడు. బాణం కూడా సాయం చేయలేదు. దిక్సూచి లేని పరికరానికి మనం కదిలితేనే దిక్కు తెలుస్తుంది, నిలబడితే బాణం ఎటుపడితే అటు తిరుగుతుంది. వాణ్ణి చీలిక దగ్గరే ఉండమని కుడి బాటలో యాభై అడుగులు వేశాను. బాణం గుట్ట మీది గీత కొసను వదిలి పక్కకు పోయింది. వెనక్కి వచ్చి ఎడమ బాట పట్టాను. వంద అడుగులు దాటాక బాణం మొన కొస వైపు తిరిగింది. వాణ్ణి కేకేశాను. బురదలో ఇద్దరం తోసుకుంటూ పోగా పోగా బాణం వెళ్లి గీత మీద కూర్చుంది. ప్రాణం లేచి వచ్చింది. అక్కడి నుంచి ఊరి దీపాలు కనిపించేదాకా ముప్పావు గంట ఆ గీత మమ్మల్ని నడిపించింది. నిట్టనిలువు బండ పక్కన మాత్రం అది పదిహేను మీటర్లు పక్కకు జరిగి ఉంది. ఉపగ్రహ సంకేతాలు బండకు తగిలి ఆలస్యంగా అందుతాయి కాబట్టి అలా అవుతుంది. ఉపగ్రహాలు పంపే ఎల్1, ఎల్5 అనే రెండు రకాల సంకేతాలనూ అందుకునే కొత్త పరికరాలు ఇందులో మెరుగు.

ఇంటికి వచ్చి మూత బిగించి పరికరాన్ని అరచేతి మీద కొట్టి చూశాను. మూడో దెబ్బకు ఆరిపోయింది. కుదుపుకు బ్యాటరీ స్ప్రింగును నొక్కుకుంటూ వెనక్కి జరిగి, ఎదుటి రేకును క్షణం వదిలేస్తోంది. కంపెనీకి రాస్తే కొత్త బ్యాటరీలు వాడమన్నారు. సైకిలుకు బిగించే క్లిప్పు కూడా వాళ్లే అమ్ముతారు. అలాంటి వస్తువు కుదుపుకు ఆరిపోతే ఎలా? ఈ ఒక్క విషయంలో నా కోపం ఇంకా చల్లారలేదు.

పాత ట్యూబు నుంచి గోరంత రబ్బరు ముక్కలు రెండు కత్తిరించి మూత లోపల, బ్యాటరీలు ఆనే చోట అతికించాను. స్ప్రింగులను కొద్దిగా పైకి లాగాను. మూత ఇప్పుడు బలంగా నొక్కితేనే పడుతుంది. ఆ తర్వాత ఒక్కసారే ఆరింది, అదీ ఒక ముక్క ఊడిపోయిన రోజు. గీతను ప్రతి సెకనుకూ నమోదు చేసేలా కూడా మార్చాను. ‘ఆటో’లో ఉంచితే మలుపులను కోసేస్తుంది. పెట్టె మీద 25 గంటలు అని ఉన్నా, రీచార్జి బ్యాటరీలతో, వెలుగు పెంచి వాడితే నాకు పదహారు దాటదు.

నేను వెళ్లేది ఆదివారాలు, వేగం లెక్కలు అక్కర్లేదు. అందుకే ఇది సరిపోయింది. మైపాడు బీచి దాకా, హైవే మీద కావలి దాకా తొక్కేవారు దీనికి డబ్బు పోయనక్కర్లేదు. మళ్లీ కొంటే దిక్సూచి ఉన్నదే కొంటాను. మా మేనల్లుడు లోపలే బ్యాటరీ ఉన్న సైకిలు కంప్యూటర్ కొన్నాడు. అది కుదుపుకు ఒక్కసారీ ఆరలేదు. కానీ భైరవకోన వైపు రెండు రోజులు వెళ్లినప్పుడు రెండో రోజు మధ్యాహ్నానికే దాని చార్జి అయిపోయింది, నా జేబులోని జత దానికి పనికిరాలేదు. ఇద్దరం కలిసి వెళ్తే మా దగ్గర రెండు గీతలు ఉంటాయి. ఒక్కణ్ణే వెళ్లే రోజు మాత్రం, గడప దాటే ముందు నా దాన్ని అరచేతి మీద నాలుగుసార్లు గట్టిగా కొట్టి చూస్తాను.