సర్టిఫికెట్టా, షాప్ ఫ్లోర్ అలవాటా: కాలుష్యం దేనితో తగ్గుతుంది?

"సార్, ఐఎస్ఓ 14001 పర్యావరణ నిర్వహణ సర్టిఫికెట్ తీసుకుంటే సరిపోతుందా, లేక మనవాళ్ళకు పర్యావరణం మీద ట్రైనింగులు కూడా పెట్టాలా?" జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు ఏ ఫ్యాక్టరీకి ఆడిట్‌కు వెళ్ళినా ఈ ప్రశ్న తప్పదు. రెండింటికీ ఒకేసారి డబ్బు పెట్టలేని చిన్న యూనిట్ల వాళ్ళు మరీ గట్టిగా అడుగుతారు.

సర్టిఫికెట్‌ను నేను తీసిపారేయను. 1996లో వచ్చి 2015లో మారిన ఆ ప్రమాణం పుణ్యమా అని ఏ వ్యర్థం ఎక్కడ పుడుతోంది, బాధ్యత ఎవరిది అన్నవి కాగితం మీదికి వస్తాయి. కానీ పొగ ఇంతకు మించకూడదని అది ఎక్కడా అంకె చెప్పదు. పద్ధతి ఉందా లేదా అన్నదే చూస్తుంది. బయటి గుర్తింపుల సంగతి 2015లోనే చూశాం. ఫోక్స్‌వ్యాగన్‌ను డౌ జోన్స్ సస్టైనబిలిటీ సూచీ కార్ల రంగంలో అగ్రగామి అన్న నెలలోనే, ఉద్గారాల పరీక్షను మోసగించే సాఫ్ట్‌వేర్ బయటపడింది.

నా దృష్టిలో అసలు విషయం తేలేది నైట్ షిఫ్ట్‌లో. మందుల ముడిసరుకు చేసే బల్క్ డ్రగ్ యూనిట్‌లో, ఆవిర్లను కడిగే స్క్రబ్బర్‌నే తీసుకోండి. రియాక్టర్ నుంచి వచ్చే యాసిడ్ ఆవిర్లను కాస్టిక్ (క్షారం) కలిపిన నీళ్ళతో కడగాలి. కాస్టిక్ బలం తగ్గితే పీహెచ్ (క్షార, ఆమ్ల గుణాన్ని చూపే అంకె) పడిపోతుంది, ఆవిర్లు గాలిలో కలిసిపోతాయి. గంటగంటకూ పీహెచ్ చూసి రాయాలని ఎస్ఓపీలో, అంటే పని ఎలా చేయాలో రాసిన పత్రంలో, ఉంటుంది. కొన్నిచోట్ల లాగ్ షీట్ తెరిస్తే షిఫ్ట్‌లోని ఎనిమిది గంటలకూ ఒకే అంకె, ఒకే పెన్ను, ఒకే ఊపులో సాగిన చేతిరాత. షిఫ్ట్ దిగే ముందు కూర్చుని నింపారని చూడగానే తెలుస్తుంది. ఇంకోచోట రాత్రి రెండింటికి పీహెచ్ 7.5కు పడిందని రాసి, పక్కన "అడిషన్ ఆపాం, కాస్టిక్ మార్చాం" అని ఉంటుంది. అడిషన్, అంటే రియాక్టర్‌లోకి రసాయనం వేయడం, ఆపినందుకు పొద్దున తిట్లు పడవన్న భరోసా ఆ ఆపరేటర్‌కు ఉంది. హరిత సంస్కృతి అంటే నాకు ఆ భరోసానే.

కంప్రెసర్ గాలి విషయమూ ఇంతే. 7 బార్ ప్రెషర్ దగ్గర గాలి పైపులో 3 మిల్లీమీటర్ల రంధ్రం సుమారు 3 కిలోవాట్లు తినేస్తుంది, అంటే రోజంతా నడిస్తే 72 యూనిట్లు. ఆ 'సుయ్' మనే చప్పుడు ముందుగా వినేది లైన్ పక్కన నిలబడే హెల్పరే. అతను చెప్పిన షిఫ్ట్‌లోనే మెయింటెనెన్స్ వాళ్ళు వచ్చి బాగుచేస్తే ఇంకో లీకు కూడా చెబుతాడు. రెండుసార్లు పట్టించుకోకపోతే మళ్ళీ నోరు విప్పడు.

అలాగని సంస్కృతితో అన్నీ కావు. అమెరికాలో త్రీఎం కంపెనీ కాలుష్యాన్ని పుట్టినచోటే ఆపే ఆలోచనలను ఉద్యోగుల నుంచే తీసుకునే కార్యక్రమాన్ని 1975లోనే మొదలుపెట్టింది. దానికి మంచి పేరే వచ్చింది. అదే కంపెనీ, పీఫాస్ అనే, ప్రకృతిలో అంత తేలిగ్గా కరిగిపోని రసాయనాలతో తాగునీరు పాడైన కేసుల్లో 1,000 కోట్ల డాలర్లకు పైగా కట్టడానికి 2023లో ఒప్పుకుంది. ఏ సరుకు తయారుచేయాలన్నది షాప్ ఫ్లోర్ చేతిలో లేదు. అక్కడ మారాల్సింది కంపెనీ డైరెక్టర్ల బోర్డు.

జూన్ 5న పర్యావరణ దినోత్సవానికి మొక్కలు, పేపర్ కప్పుల బదులు స్టీలు గ్లాసులు మంచివే, చేయండి. కరెంటు బిల్లులోనూ ఈటీపీ (వ్యర్థజలాలను శుద్ధిచేసే ప్లాంటు) లోడులోనూ వాటి తేడా కనిపించదు.

కొనుగోలుదారు సర్టిఫికెట్ తప్పదంటే ముందు అదే తీసుకోండి. ఆ ఒత్తిడి లేకపోతే మాత్రం, కన్సల్టెంట్‌ను పిలిచేలోపు అడిషన్ ఆపే అధికారం ఆపరేటర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. అలా ఆగిన టైముకు అతని ప్రొడక్షన్ ఇన్సెంటివ్ కోయకండి.