పొగాకు రైతుల సంఘంలో సభ్యత్వం: మూడు సీజన్ల అనుభవం

మా ప్రాంత పొగాకు రైతుల సంఘంలో నేను చేరి మూడు సీజన్లు పూర్తయ్యాయి. రుసుము కట్టి చేరడం వల్ల ఒరిగేదేమిటని ప్రకాశం జిల్లాలో నన్ను అడిగిన రైతులు ఎందరో ఉన్నారు కనుక, ఈ సంఘం సేవలను నేను చూసినంతవరకు రాస్తున్నాను.

మన రాష్ట్రంలో వర్జీనియా పొగాకుకు 1985లో వేలం విధానం వచ్చింది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, ఏ కేంద్రానికి వెళ్లినా బేళ్ల (పొగాకు కట్టల) వెంట నిలబడే రైతులు వందల్లో ఉంటారు, ధర పలికే కొనుగోలుదారులు వేళ్ల మీద లెక్కకు వస్తారు. ఆ కొద్దిమంది ఒక మాట మీద నిలవడం తేలిక. వేలమంది రైతులకు అది సాధ్యం కాకపోవడానికి కారణం బద్ధకం కాదు. ధర పెరిగితే పోరాడినవారికీ, ఇంటి పట్టున ఉన్నవారికీ సమానంగానే దక్కుతుంది కాబట్టి, ఎవరికి వారు పక్కవారు పోరాడితే చాలనుకుంటారు. సభ్యులకు మాత్రమే అందే ప్రయోజనం ఏదో ఒకటి లేకపోతే పెద్ద సమూహాలు నిలబడడం కష్టమని అమెరికా ఆర్థికవేత్త మాన్‌కర్ ఓల్సన్ 1965లోనే వివరించారు.

మా సంఘం బలం ఇక్కడే ఉంది. ఎరువులు, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌కు కావలసిన కట్టెలు సభ్యులందరికీ కలిపి కొంటారు. వేలానికి ముందు అనుభవమున్న రైతు ఒకరు ఇంటికి వచ్చి గ్రేడింగ్ (నాణ్యతను బట్టి ఆకును వేరుచేయడం) చూసిపెడతారు. నిరుడు ఆయన మా మండెలో (పేర్చిన ఆకు కుప్పలో) చేయి పెట్టి లోపలి ఆకు ఒకటి లాగి, ఈనె విరిచి చూసి, తేమ ఇంకా ఉందని, రెండు రోజులు ఆగమని చెప్పారు. అంతకు ముందు ఏడాది అలాంటి బేళ్లే బిడ్ రాక వెనక్కి వచ్చి, ట్రాక్టరు బాడుగ రెండుసార్లు కట్టాను. ఈ ఒక్క సలహాతో నేను కట్టిన రుసుము తిరిగి వచ్చినట్లే.

ఇంతకన్నా నాకు నచ్చినది మరొకటి ఉంది. ఒక ఉదయం తక్కువ రకం (లో గ్రేడు) ఆకు ధర ఒక్కసారిగా పడిపోవడంతో రైతులు వేలం ఆపించారు. ఆపిన రోజు నష్టం ఆనాడు బేళ్లు తెచ్చినవారిది, ధర పెరిగితే లాభం మాత్రం అందరిదీ. అందుకే సంఘం పెద్దలు వరుస వరుసకూ తిరిగి, సభ్యులా కాదా అని చూడకుండా, బేళ్లు తెచ్చిన ప్రతి రైతుకూ బాడుగ సంఘం నిధి నుంచి ఇస్తామని చెప్పారు. ఆ మాట వల్లే ఎవరూ మధ్యలో జారుకోలేదు. మర్నాడు ధర పూర్తిగా కాకపోయినా కొంత కోలుకుంది.

లోపాలు చిన్నవి కావు. బ్యారన్ ఎవరి పేరున ఉంటే వారికే సభ్యత్వం ఇస్తున్నారు. పంట వేసి, అప్పు మోసే కౌలు రైతుకు మహాజన సభలో చోటు లేదు. ఆకు వేరుచేసే ఆడవాళ్ల కూలి గురించి అక్కడ ఎన్నడూ చర్చ జరగలేదు. పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల ఆరంభంలో సారాపై తిరగబడినవారు ఇలాంటి పేద మహిళలే. రుసుము, కార్యాలయం లేకపోయినా, నష్టం ప్రతి ఇంటి గుమ్మంలో కనిపించింది కాబట్టి వారు కదిలారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ నిషేధాన్ని 1997లో సడలించారన్నదీ మరువరాదు. సాధించుకున్నదాన్ని కాపాడుకోవాలంటే ఏటా పనిచేసే సంఘం కావాలి, అందులో అందరూ ఉండాలి.

ఎన్నికల ముందు మా నాయకులు కొందరు ఒక పార్టీ వేదిక ఎక్కడం కూడా తప్పే. అవతలి పార్టీని అభిమానించే సభ్యులు ఆ తరువాత సమావేశాలకు రావడం మానేశారు. ఏ పార్టీ వచ్చినా వెళ్లి అడిగే హక్కును సంఘం తనంతట తాను తగ్గించుకుంది.

ఇన్ని చెప్పినా, బ్యారన్ ఉన్న రైతులను చేరమనే అంటాను. ఈ ఏడాది రుసుము నేను కట్టేశాను. కౌలు రైతులకు సభ్యత్వం ఇవ్వాలనే తీర్మానాన్ని వచ్చే మహాజన సభలో ప్రవేశపెట్టబోతున్నాను. దానికి మద్దతుగా సంతకం చేయదలచిన సభ్యులు సభకు ఒక గంట ముందుగా రావలసిందిగా కోరుతున్నాను.