గచ్చిబౌలి, తార్నాక: సైన్స్ పీజీకి ముందు చూసి రావలసిన రెండు చోట్లు

ఎమ్మెస్సీకో పీహెచ్‌డీకో హైదరాబాద్ అనుకుంటున్నవాళ్లకు మెట్రో బ్లూ లైన్ ఒక్కటి చాలు. తూర్పున ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, తార్నాక స్టేషన్లు, పడమటి కొసన రాయదుర్గం. నడుమ సుమారు ముప్పావు గంట. రాయదుర్గం నుంచి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ) గేటుకు ఆటోలో ఏడెనిమిది కిలోమీటర్లు. ఖర్చు తగ్గాలంటే మెహదీపట్నంలో లింగంపల్లి బస్సెక్కండి.

హెచ్‌సీయూకి పనిరోజే వెళ్లాలి. ఆదివారం చెట్లూ రాళ్లూ కనిపిస్తాయి గానీ ల్యాబుల్లో మాట్లాడేవాళ్లు దొరకరు. ఇక్కడి కెమిస్ట్రీకి క్రిస్టల్ ఇంజనీరింగ్‌తో పేరొచ్చింది. ఆ రంగంలో పేరున్న శాస్త్రవేత్త గౌతమ్ దేశిరాజు 1979 నుంచి 2009 దాకా ఇక్కడే పనిచేశారు. స్ఫటికంలో అణువులు ఎలా అమరతాయన్నది మందు నీళ్లలో కరిగే తీరునే మార్చేస్తుంది కాబట్టి, ఫార్మా ఊరికి ఇది దగ్గరి విద్య. పేలుడు పదార్థాల్లాంటి హై ఎనర్జీ మెటీరియల్స్ మీద పనిచేసే కేంద్రం రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో అండతో నడుస్తోంది. గోపన్‌పల్లిలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్ కూడా పక్కనే.

గోప్స్ క్యాంటీన్‌లో రీసెర్చ్ స్కాలర్లు కనిపిస్తే రెండు ప్రశ్నలు తప్పక అడగండి. అణువు నిర్మాణం తేల్చే ఎన్‌ఎంఆర్ యంత్రానికి శాంపిల్ ఇస్తే ఎన్నాళ్లకు ఫలితం వస్తుంది? మీరు కోరుకునే గైడ్ దగ్గర ఖాళీ ఉందా? ప్రొఫెసర్‌కి 8 మంది, అసోసియేట్‌కి 6, అసిస్టెంట్‌కి 4. అంతకు మించి పీహెచ్‌డీ విద్యార్థుల్ని తీసుకోకూడదు. పేరున్న గైడ్ అని ఏళ్లతరబడి కాచుకోవడం కన్నా ఈ లెక్క ముందే చూసుకోవడం మేలు.

తార్నాక వైపు ఉస్మానియా ఉంది. సైన్స్ కాలేజీ అని ఆటో ఎక్కితే సైఫాబాద్‌లో దింపేసే ప్రమాదముంది, అక్కడా ఒకటుంది. క్యాంపస్ అని గట్టిగా చెప్పండి. హబ్సిగూడ దగ్గర కేంద్ర పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ ల్యాబులు రెండు: జీవశాస్త్రానికి సీసీఎంబీ, రసాయనశాస్త్రానికి ఐఐసీటీ. ఈ ల్యాబుల్లో పీహెచ్‌డీ సీఎస్‌ఐఆర్ వారి అకాడమీ ఏసీఎస్‌ఐఆర్ ద్వారా. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉంటే నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె వేరు. ముందుగా మాట్లాడుకోకుండా గేటు దాటనివ్వరు. సెప్టెంబరు 26 సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం, దాని చుట్టుపక్కల రోజుల్లో ల్యాబులు చూడనిస్తారు.

బసకు తార్నాక, విద్యానగర్ నయం. కోచింగ్ పిల్లల హాస్టళ్లు ఎక్కువ, మెట్రో దగ్గర. గచ్చిబౌలి, కొండాపూర్‌లలోని పేయింగ్ గెస్ట్ హాస్టళ్లు ఐటీ ఉద్యోగుల ధరలకు నడుస్తాయి. రెండు రాత్రుల పనికి అంత పెట్టనక్కర్లేదు.

ప్రవేశ పరీక్షలు ఉస్మానియా ఎమ్మెస్సీకి రాష్ట్రస్థాయి సీపీగెట్, హెచ్‌సీయూకి జాతీయస్థాయి సీయూఈటీ పీజీ. ఈ రెండోదానిలో 75 ప్రశ్నలు, ఒప్పుకు 4, తప్పుకు 1 కోత. సీటు తప్పేది ఎక్కువగా కాగితాల దగ్గరే. సెంట్రల్ యూనివర్సిటీకి రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ చెల్లదు, కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కావాలి. రాష్ట్ర జాబితాలో ఉన్న కులం కేంద్ర జాబితాలోనూ ఉందో లేదో దరఖాస్తుకు ముందే సరిచూసుకోండి. తహసీల్దార్ ఆఫీసులో రోజులు పడతాయి, కౌన్సెలింగ్ ఆగదు.